ఆదివారం ఏడుపులు

అమ్మణ్ణికి కుళ్ళు పుట్టింది. పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ కొంటేనో, ఎదురింటి పిల్లకి బ్యాంకులో ఉద్యోగం వస్తేనో పుట్టే చిన్నా చితకా కుళ్ళు కాదు. అలాంటివి ఆవిడకి అప్పుడప్పుడూ పుడుతూనే ఉంటాయి, రెండు రోజులు సణుక్కుంటే పోతాయి. ఇది మాత్రం పోలేదు. పొద్దున్న లేచేసరికి కడుపులో కూర్చుని ఉంటోంది. ఎవరి మీదయ్యా ఇంత కుళ్ళూ అంటే చెప్పడానికే సిగ్గుచేటు. ఎక్కడో యూరప్‌లో, ఈవిడ పుట్టక ముందెప్పుడో చచ్చిపోయినవాళ్ళ మీద. వాళ్ళు నిజంగా బతికి చచ్చిపోయినవాళ్ళని ఆవిడకి అప్పటికి తెలియదు, అది వేరే సంగతి.

నవ్వకండి. ఎవరి బాధ వాళ్ళది.

ఆవిడ మొగుడు గణపతిరావుని టాటా ఉక్కు కంపెనీ ఊళ్ళో, బారిడీహ్‌లో ఎరగని తెలుగువాడు లేడు. శ్రీకాకుళం జిల్లా నుంచి చిన్నప్పుడే వచ్చి, కంపెనీలో చేరి, మరిగే ఉక్కు నిండిన బకెట్లని క్రేన్‌తో మనుషుల నెత్తిమీదుగా నడిపి, కిందటి దసరా ముందు రిటైరయ్యాడు. మంచివాడే. కాకపోతే ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే ముడుపు కట్టుకోవాలి. సంతోషమొస్తే మీసం దువ్వుకుంటాడు, కోపమొస్తే మీసం దువ్వుకుంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మీసం చూసి వాతావరణం కనిపెట్టడమే అమ్మణ్ణి పని.

అలాంటి మనిషి రిటైరయ్యాక కోడలితో కబుర్లు మొదలుపెట్టాడు.

కోడలు సౌజన్య అదే ఊళ్ళో కాసిడీహ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడే ఒక స్కూల్లో పిల్లలకి హిస్టరీ చెబుతుంది. తొమ్మిదో క్లాసులో హిట్లర్ పాఠం చెబుతుంటే ఎవరో పిల్ల ఒక ప్రశ్న వేసిందట. జవాబు తెలియక ఈ పిల్ల బిష్టుపూర్ బజారుకి వెళ్ళి ఒక పుస్తకం కొనుక్కొచ్చింది. అది చదివి ఇంకోటి కొంది. చూస్తుండగానే టీవీ పక్కన అలమరా నిండిపోయింది. అన్నీ ఒక్క సంగతి మీదే. హిట్లర్ మనుషులు యూదుల్ని ఇళ్ళల్లోంచి ఈడ్చుకెళ్ళి, గూడ్సు పెట్టెల్లో కుక్కి, క్యాంపులకి తీసుకెళ్ళి లక్షల మందిని చంపిన సంగతి. హోలోకాస్ట్ అంటారు దాన్ని. గణపతిరావు ఊసుపోక ఒక హిందీ పుస్తకం తీసి తిరగేశాడు. తిరగేసినవాడు కింద పెట్టలేదు. అది అయ్యాక కోడలిని ఇంకోటి అడిగాడు. తర్వాత ఆదివారాలు సినిమాలు మొదలయ్యాయి. భోజనాలయ్యాక కర్టెన్లు లాగేసుకుని మామా కోడళ్ళు టీవీ ముందు కూర్చుంటారు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు సౌజన్య చదివి, తెలుగూ హిందీ కలగలిపి ఆయనకి చెబుతుంది. కొడుకు హరికిరణ్‌కి ఆదివారం కూడా డ్యూటీయే, వాడికి ఇవేవీ పట్టవు.

మొదట్లో అమ్మణ్ణి కూడా వెళ్ళి కూర్చుంది. తెర నిండా మంచు, రైలు పట్టాలు, పొడుగు కోట్లు వేసుకున్న మనుషులు. పాట లేదు, మాటా అర్థం కాదు.

"ఆడెవడు?" అంది.

"సిపాయి, అత్తయ్యా."

"ఆ గుంట ఎందుకలగ బల్ల కింద దూరినాది?"

"దొరికితే పట్టుకెళ్ళిపోతారు అత్తయ్యా."

"ఎక్కడికి?"

గణపతిరావు చెయ్యి పైకెత్తాడు, క్రేన్ మీంచి కింద జనాన్ని ఆగమన్నట్టు. "ఉండెహె. ఇననీ," అన్నాడు.

ఉండెహె! కోడలి ముందు! అమ్మణ్ణి ఇంకొక్క క్షణం కూర్చోలేదు. విసవిసా లోపలికెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆ చప్పుడు వాళ్ళకి వినిపించాలనే కడిగింది. వాళ్ళు టీవీ సౌండ్ పెంచుకున్నారు.

ఆ మాత్రానికే అయితే ఆవిడ కుళ్ళు కూడా అంతటితో పోయేదే. మూడు నాలుగు ఆదివారాల తర్వాత జరిగింది అసలు సంగతి. అమ్మణ్ణి వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తూ, కర్టెన్ సందులోంచి ఓ కన్ను అటు వేసి ఉంచింది. చూస్తే గణపతిరావు భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఓలమ్మో, హార్ట్ ఎటాక్ కాబోలనుకుంది. చింతపండు చేతులతోనే బీపీ మాత్ర ఒకటి, మంచినీళ్ళ చెంబు ఒకటి పట్టుకుని పరిగెత్తింది.

"ఏటైనాది? గుండా? ఎడం చెయ్యి లాగుతందా? సౌజన్యా, ఆటోకి ఫోన్ సెయ్యి!"

గణపతిరావు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఏం నేదు. ఎల్లు," అన్నాడు.

సౌజన్య టీవీ ఆపింది. ఆ పిల్ల కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "ఏం కాలేదు అత్తయ్యా. సినిమా చూసి... మావయ్యగారికి కొంచెం బాధనిపించింది," అంది.

అమ్మణ్ణి ఆ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడుస్తున్నాడు! ఈ మనిషి ఏడుస్తున్నాడు! ఏ ఇంటివాళ్ళో, ఏ దేశం వాళ్ళో, తెర మీద బొమ్మల్ని చూసి కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంటున్నాడు. ఆవిడ కాపురానికి వచ్చాక ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడ్డం అదే మొదలు. ఒక్కసారిగా ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఎందుకో తెలియాలంటే తవిటమ్మ చావు సంగతి చెప్పాలి.

తవిటమ్మ గణపతిరావు తల్లి. ఆఖరి పదేళ్ళూ మంచానే ఉంది. అత్తకి నీళ్ళు పోసినా, జావ కాచినా, పక్క ఎత్తినా అన్నీ అమ్మణ్ణే. గయ్యాళి అత్తే, కాదనకూడదు, కానీ మంచాన పడ్డాక "ఓలమ్మీ, ఓలమ్మీ" అంటూ కోడలి కొంగు వదిలేది కాదు. కిందటేడు వానల్లో, ఒక మధ్యాహ్నం, అమ్మణ్ణి చేతిలోనే పోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. బారిడీహ్ తెలుగు ఇళ్ళల్లో ఎవరు పోయినా ముందు అమ్మణ్ణికే కబురొచ్చేది. శోకం తీయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఏడుపు అందరూ ఏడుస్తారు. పోయిన మనిషిని వరస పెట్టి పిలిచి, వాళ్ళు ఏం తిన్నారో, ఎవరిని సాకారో, ఏ మాట అనేవారో రాగంలో చెప్పుకుంటూ, రాయిలా కూర్చున్నవాళ్ళ చేత కూడా ఏడిపించడం అందరికీ రాదు. ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. ఏడుపు లేకుండా శవాన్ని లేపకూడదని వాళ్ళ పట్టు. ఏడ్చేవాళ్ళు లేని చావు కుక్కకి కూడా వద్దనేవాళ్ళు. అందుకని ఏ ఇంట్లో బొత్తిగా ఎవరూ లేకపోతే ఆ ఇంటికి ఈవిడ తప్పకుండా వెళ్ళేది.

అలాంటిది సొంత అత్తకి శోకం ఎత్తకుండా ఉంటుందా? తవిటమ్మని వసారాలో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. గుమ్మం బయట గణపతిరావుతో పనిచేసే క్రేన్ గ్యాంగు వాళ్ళంతా నిలబడ్డారు. అమ్మణ్ణి అత్త కాళ్ళ దగ్గర కూర్చుని గొంతెత్తింది. రెండు వరసలు అయ్యాయో లేదో, గుమ్మంలోంచి గణపతిరావు అరిచాడు.

"సాలు! ఆపు నీ నాటకం!"

అందరూ విన్నారు. అమ్మణ్ణి గొంతు ఎక్కడ ఉన్నది అక్కడే తెగిపోయింది. మిగతా ఆడవాళ్ళు తలలు దించుకుని ముక్కులు చీదుకున్నారు. గణపతిరావు తల్లిని మోసుకెళ్ళాడు, గుండు కొట్టించుకున్నాడు, దినాలన్నీ లోటు లేకుండా చేశాడు. ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఆ తర్వాత అమ్మణ్ణి ఏ చావింటికీ వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులంది. మోకాళ్ళకేం, సాక్చి బజారుకి నడిచి వెళ్ళి సంచులు మోసుకొచ్చేది. నొప్పి ఎక్కడుందో ఆవిడకి తెలుసు, ఆయనకి తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పండి. కన్నతల్లికి రాని కన్నీళ్ళు టీవీలో తెల్లవాళ్ళకి వచ్చాయి. పెళ్ళాం ఏడిస్తే నాటకం, కోడలు ఏడిస్తే మనసు. కుళ్ళదా మరి కడుపు?

ఆ రోజు నుంచి అమ్మణ్ణి యుద్ధం ప్రకటించింది. ఆదివారం మధ్యాహ్నం టీ మానేసింది. రిమోట్ బియ్యం డబ్బాలో దాచింది. సౌజన్య ఫోన్‌తో టీవీ పెట్టేసుకుంది. ఫోన్‌తో కూడా పెట్టొచ్చని ఈవిడకేం తెలుసు? పుస్తకాల అలమరా దులిపేటప్పుడు రెండు చేతులా విదిల్చి దులిపింది. కొడుకు దగ్గర మొర పెట్టుకుంది.

"ఒరే, మీ నాన్నా నీ పెళ్ళామూ ఆదివారం ఆదివారం కూకుని ఏడుత్తన్నారా. ఇంట్లో ఇది మంచిదేటా?"

హరికిరణ్ అన్నం తింటూ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అరే ఛోడో నా మమ్మీ. టైమ్ పాస్ కర్ రహే హై," అని వదిలెయ్యమన్నాడు.

టైమ్ పాసట! ఈ ఇంట్లో ఏడుపు కూడా టైమ్ పాసయిపోయింది. మండిపోయి వాడికి మజ్జిగ కూడా పొయ్యలేదు.

పుండు మీద కారం చల్లినట్టు ఆ వారంలోనే నూకమ్మ వచ్చింది. నూకమ్మ రెండిళ్ళ అవతల ఉంటుంది, అమ్మణ్ణి శోకం ఎత్తితే వెనక అందుకునేది ఆవిడే. గుమ్మంలోనే చెప్పింది.

"రైల్వే తవిటయ్య పోనాడే. టాటానగర్‌లో. పెళ్ళాం ముందే పోనాది, పిల్లల్నేరు. ఏడిసీవోలు నేరు. రాయే, నువ్వొత్తే గాని బాగోదు."

"నాకు మోకాళ్ళే."

"ఎప్పుడూ అదే మాటా? ఏడాదై పోనాది. నీ గొంతు ఇనక ఈ సుట్టుపక్కలోళ్ళకి సావు సావులాగే నేదు."

వసారాలో పేపరు చదువుతున్న గణపతిరావు వైపు అమ్మణ్ణి చూసింది. ఆయన ఒక్క మాట, "ఎల్లు" అని ఒక్క మాట అంటే చాలు, చీర మార్చుకుని వెళ్ళిపోయేది. ఆయన మీసం దువ్వుకున్నాడు. తర్వాత నోరు తెరిచాడు గానీ వచ్చిన మాట అది కాదు.

"నూకమ్మా, మా కోడలికి ఎంత మనసున్నాదో సూసేవా. ఎక్కడో ముక్కూ మొకం తెలీనోల్ల గురించి సదివి కళ్ళనీళ్ళెట్టుకుంటాది. అలగుండాల మనిసంటే."

ఆయన మామూలుగానే అన్నాడు పాపం. మాట కలపాలి కదా అని అన్నాడు. నూకమ్మ అమ్మణ్ణి మొహం చూసి, ఇక అక్కడ నిలబడడం మంచిది కాదని చెప్పులేసుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చావుకి ఏడ్చిన అమ్మణ్ణిని ఎన్నేళ్ళు చూశాడు ఈ మనిషి! ఒక్కనాడు అలగుండాల అన్నాడా? అమ్మణ్ణి లోపలికెళ్ళి తలుపేసుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుద్దామనుకుంది. రాలేదు. అత్త చావు దగ్గర తెగిన గొంతు తెగిపోయే ఉంది. ఆవిడకి భయమేసింది. కుళ్ళు కన్నా ఆ భయమే ఎక్కువయింది. ఇంక ఈ జన్మకి ఏడుపు రాదేమో అనుకుంది.

ఆ తర్వాతి ఆదివారం మామా కోడళ్ళు మళ్ళీ కూర్చున్నారు. అమ్మణ్ణి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఈసారి తెర మీద సిపాయిలూ లేరు, మంచూ లేదు. ఒక ముసలామె. బొద్దుగా, నెరిసిన జుట్టు, చేతిలో సంచి. అచ్చం సాక్చిలో కూరలకి వచ్చినట్టుంది. ఒక వీధిలో ఒక ఇంటి గేటు ముందు నిలబడింది. ఇంట్లోవాళ్ళు కిటికీ పరదా కొంచెం తొలగించి చూసి, మళ్ళీ వేసేశారు. ఎవరూ బయటికి రాలేదు. ఆమె అలాగే నిలబడింది. ఏదో చెప్పింది. సౌజన్య మెల్లిగా మామగారికి చెప్పింది. గణపతిరావు తువ్వాలు మొహానికి పెట్టుకున్నాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి.

అమ్మణ్ణి చేతిలో వెల్లుల్లి ఎక్కడ పడిందో. లేచి వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడింది. కోపమొస్తే ఆవిడ నోట్లో మీరు కాస్తా నువ్వు అయిపోతుంది.

"ఎవుత్తె అది? నీకేటవుద్ది? మీ పిన్నా, మేనత్తా? డబ్బులిత్తే గేటు కాడ నిలబడి యాక్టింగు సేసినాది, దానికి నీకు ఏడుపొచ్చీసినాదా? కన్నతల్లి సచ్చి వసారాలో పడుంటే రాయిలాగ నిలబడ్డావు. ఏడుత్తన్న నా నోరు నొక్కీసినావు. పదిమందిలో నాటకమన్నావు. ఇప్పుడు దీనికి ఏడుత్తన్నావా? ఇదా నాటకం, అదా నాటకం?"

గణపతిరావు తువ్వాలు తీయలేదు. సౌజన్య లేచింది.

"అత్తయ్యా, యాక్టింగ్ కాదు. ఆమె నిజం మనిషి. ఇది కథ సినిమా కాదు, నిజంగా జరిగింది తీశారు."

"నిజమేటి?"

"ఆ ఇల్లు వాళ్ళదే అత్తయ్యా. ఈమె చిన్నపిల్లప్పుడు వేరేవాళ్ళు దాచితే బతికింది. వాళ్ళమ్మనీ, నాన్ననీ, అన్నలనీ, మామ్మనీ, అందర్నీ రైలెక్కించి తీసుకెళ్ళి చంపేశారు. వీళ్ళు యూదులని. అంతే, ఇంకే తప్పూ లేదు. ఇన్ని ఆదివారాలూ మేం చూస్తున్నది అదే. కొన్ని కథలా తీశారు, కొన్ని ఇలా తీశారు. కానీ జరిగిందంతా నిజమే."

అమ్మణ్ణి టీవీ వైపు తిరిగింది. బొమ్మ ఆగి ఉంది. ముసలామె చెయ్యి గేటు మీద ఉంది.

"ఎంతమందిని?"

"అరవై లక్షల మంది దాకా."

ఆ అంకె అమ్మణ్ణికి ఎక్కలేదు. "ఈలింట్లో?" అంది.

"ఈమె తప్ప అందర్నీ."

"పిల్లల్ని కూడానా?"

"పిల్లల్ని కూడా అత్తయ్యా."

"మరి శవాలు?"

"ఇవ్వలేదు. కాల్చేశారు. ఎక్కడ ఏమయ్యారో కూడా తెలియదు."

"దినాలెవరు సేసేరు? ఏడిసీవోలెవరు?"

"చేసేవాళ్ళు కూడా వాళ్ళతోనే పోయారు. వీధి వీధంతా పోయింది. ఇప్పుడు ఆమె చెప్పింది కూడా అదే. మా అమ్మ కోసం ఇక్కడికొచ్చాను, మావాళ్ళు చచ్చినవాళ్ళకి ఎలా ఏడుస్తారో నాకు తెలియదు, నేర్పాల్సిన వాళ్ళందరూ అమ్మతో పాటే పోయారు అంది."

అమ్మణ్ణి కింద కూలబడింది. ఛీ, తన బతుకు చెడా! ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది వీళ్ళ మీదా? తవిటమ్మ తిని, తిట్టి, మంచం మీద కోడలి చేతిలో పోయింది. వీళ్ళకి చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు, నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు లేరు, ఏడ్చేవాళ్ళు అసలే లేరు. వీళ్ళ వాటా కన్నీళ్ళకి తను లెక్కలు కట్టింది. అయినా కుళ్ళు పూర్తిగా పోయిందా అంటే పోలేదు, అబద్ధం చెప్పకూడదు. తిరిగి తిరిగి మొగుడి మీదే ఆగింది.

"ఈలకి ఏడిసేవు, మంచి పని సేసేవు," అంది ఈసారి నెమ్మదిగా. "మరి అత్తకెందుకు ఏడవనేదు? నన్నెందుకు ఏడవనీనేదు?"

గణపతిరావు తువ్వాలు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ అప్పటికే ఆరిపోయాయి. తల్లి పేరు ఎత్తేసరికి ఆరిపోయాయి. మీసం మీదికి చెయ్యి పోలేదు.

"ఆ రోజు గుమ్మంలో మా గేంగోళ్ళందరూ ఉన్నారు," అన్నాడు. "నువ్వు శోకమెత్తితే నాకు కాళ్ళు వణికినాయే. ఇంకొక్క వరస తీసుంటే నాను ఆళ్ళందరి ముందూ పడిపోదును. అందుకే అరిసేను. ఆపమన్నది నిన్ను కాదు."

"మరి తరవాత?"

"తరవాత రానేదు. కావాలంటే రానేదు. బాత్రూమ్‌లో కూకున్నాను, ఫోటో కాడ కూకున్నాను. గుండెకి తాళమడిపోనాది. ఈ అమ్మాయి పుస్తకంలో ఒక తల్లి గురించి సదివేను, గబుక్కున వచ్చీసినాది. ఇక్కడైతే వత్తంది అమ్మణ్ణీ. అక్కడ రాదు. నానేటి సెయ్యను?"

ఇంత పొడుగు మాట ఆయన నోటంట ఆవిడ ఎప్పుడూ వినలేదు. తనకి కూడా ఏడాదిగా రావడం లేదని చెబుదామనుకుంది. చెప్పలేదు. ఎవరి వల్ల రావడం లేదో ఆయనకి తెలియకపోతే కదా! కొంగుతో చేతులకంటిన వెల్లుల్లి పొట్టు తుడుచుకుని, సోఫాలో కోడలు లేచిన చోట వెళ్ళి కూర్చుంది.

"పెట్టమ్మా, సౌజన్యా. ఆవిడ గేటు కాడికి వచ్చిన కాడ్నుంచి పెట్టు."

"వద్దులే అత్తయ్యా, మీ ఇద్దరికీ..."

"పెట్టమంటన్నానా. నువ్వు గట్టిగా సదివి సెప్పు. ఆవిడన్న ప్రతి మాటా సెప్పు. ఒక్కటి వదిలీకు."

సౌజన్య పెట్టింది. ముసలామె మళ్ళీ సంచి పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఈ కిటికీ దగ్గర మా అమ్మ బటన్లు కుట్టేదని చెప్పింది. నేను అల్లరి చేస్తే దారం కొసతో చేతి మీద కొట్టేదని చెప్పింది. పరదా తొలిగింది, మూసుకుంది. అమ్మ కోసం ఏడుద్దామని వచ్చాను, ఎలాగో తెలియదంది. గణపతిరావు తువ్వాలు వెతుక్కున్నాడు.

అమ్మణ్ణి గొంతు సవరించుకుంది. మొదట గాలే వచ్చింది. రెండోసారి ఒక జీర వచ్చింది. మూడోసారికి తెగినచోట అతుక్కుంది.

"ఓలమ్మా... బటన్లు కుట్టీ తల్లీ... నీ గుమ్మం కాడికి నీ కూతురొచ్చినాదే అమ్మా... తలుపు తీసీవోలు నేరే అమ్మా... దారంతో కొట్టీ సెయ్యి ఏదే అమ్మా... నీ వోలెవరూ నేరే... నాను ఏడుత్తన్నానే తల్లీ..."

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఖాళీలోకి పక్కనుంచి ఇంకో గొంతు వచ్చింది. రాగం లేదు, వరస లేదు, పాత క్రేన్ కదిలినట్టు కీచుమంటోంది.

"అమ్మా..." అన్నాడు గణపతిరావు. "పన్లో సేరిన కొత్తల్లో సెయ్యి కాలితే... నువ్వు నిద్ర నేకుండా కూకున్నావే అమ్మా... ముద్దలు కలిపి ఎట్టీదానివే... పనికి ఎల్లొద్దురా అని కాళ్ళకి సుట్టుకున్నావే... నాను ఇదిలించుకుని ఎల్లిపోనానే అమ్మా..."

అమ్మణ్ణి తిరిగి చూసింది. ఆయన మోచేతి మీద ఆ కాలిన మచ్చ పెళ్ళయిన కొత్తల్లోనే చూసిందావిడ. ఏమిటని అడిగితే "ఏదోలే" అన్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి ఏదోలే, ఇవాళ టీవీ ముందు, కోడలి ముందు ఇంత కథ! భగ్గుమంది ఆవిడకి. వెక్కివెక్కి ఏడుస్తున్న మనిషిని ఏమంటుంది? ఆ మంటంతా గొంతులోకి తెచ్చుకుని, తవిటమ్మ దగ్గర ఆగిపోయిన మూడో వరస అందుకుంది. ఆయన చెయ్యి మాత్రం తన ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. సౌజన్య టీవీ ఆపడం మర్చిపోయి నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

బారిడీహ్‌లో ఆ గొంతు ఏడాదికి పైగా ఎవరూ వినలేదు. రెండిళ్ళ అవతల బట్టలు ఆరేస్తున్న నూకమ్మ తడి చీర అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. తలుపు తోసుకుని గుమ్మంలో నిలబడి రొప్పుతూ, గుండె మీద చెయ్యేసుకుని అడిగింది.

"ఎవరే? ఎవరు పోనారే అమ్మణ్ణీ?"

అమ్మణ్ణి మొగుడి చెయ్యి వదలకుండానే తలెత్తింది. తెర మీద ముసలామె ఇంకా గేటు దగ్గరే ఉంది.

"సానా మందే, నూకమ్మా," అంది. "కూకో."

చావింట్లో ముందు ఏడవాలి, అడగడం తర్వాత. నూకమ్మ చెప్పులు గుమ్మంలో విడిచి, కొంగు నడుముకి దోపుకుని, అమ్మణ్ణి కాళ్ళ దగ్గర కూర్చుని వెనక వరస అందుకుంది.